హెచ్.ఐ.వి.తో జీవించువారికి చరకుడు చెప్పిన నాలుగు గుణములు

వ్యాధిని ఎదుట పెట్టుకొని వైద్యుడు మొదట వేసికొనవలసిన ప్రశ్న "దీనికి ఏ మందు?" అన్నది కాదు. "ఇది ఏ కోవకు చెందిన వ్యాధి?" అన్నది. చరకాచార్యుడు సూత్రస్థానము పదవ అధ్యాయమున వ్యాధులను నాలుగు కోవలుగా వేరుచేసెను. సులభముగా నయమగునవి సుఖసాధ్యములు. కష్టము మీద నయమగునవి కృచ్ఛ్రసాధ్యములు. వైద్యుడు చేయి వేయదగనివి ప్రత్యాఖ్యేయములు. ఈ మూడింటి సంగతి మన పాఠకులు ఎరిగినదే. వీని నడుమ మరియొకటి ఉన్నది. దాని పేరు యాప్యము.

యాప్య వ్యాధి సమూలముగా పోదు. అయినను చికిత్స, పథ్యము సాగినంత కాలము అణగియుండి, మనిషి తన పని తాను చేసికొనుటకు అడ్డురాదు. చికిత్స మానిన నాడు మరల తల ఎత్తును. పడబోవు ఇంటిని చక్కగా నిలిపిన ఊతగుంజ ఎట్లు కాపాడునో, యాప్య రోగిని చికిత్స అట్లు కాపాడునని సుశ్రుతాచార్యుడు పోలిక చెప్పెను. మా గురువుగారు ఈ పాఠము చెప్పిన దినమున తాటాకు గ్రంథము కట్టివేసి, మమ్ములను పశువుల పాక వద్దకు తీసికొనిపోయిరి. ఒరిగిన దూలము క్రింద పెట్టిన తాటిగుంజను చూపి, "దీన్ని తీసి పొయ్యిలో పెడితే రెండు పూటల వంట అవుతుంది. పాక నిలుస్తుందట్రా?" అని అడిగిరి. అంతటితో పాఠము ముగిసినది.

హెచ్.ఐ.వి. సోకినవారి విషయమున నేను చెప్పదలచినదంతయు ఆ గుంజలోనే ఉన్నది.

మన దేశమున ఈ వ్యాధి 1986లో మద్రాసులో తొలిసారి బయటపడినది. డాక్టరు సునీతి సోలోమన్ గారి పర్యవేక్షణలో జరిగిన రక్తపరీక్షలలో అది తేలినది. అప్పటికి చికిత్స లేదు. ఆ రోజులలో దీనిని ప్రత్యాఖ్యేయములలో చేర్చిన వైద్యుని తప్పుపట్టుటకు వీలులేదు. 1996 నాటికి రెండు మూడు మందులను కలిపి ఇచ్చు పద్ధతి ప్రపంచమున స్థిరపడినది. 2004 ఏప్రిల్ 1 నుండి భారత ప్రభుత్వము ఆ మందులను ఉచితముగా ఇచ్చుట ఆరంభించినది. తొలి విడతలో ఎన్నుకొన్న రాష్ట్రములలో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడ ఉన్నది, ఏలయన ఇచట వ్యాధి వ్యాప్తి అధికముగా ఉండెడిది. మొదట రక్తములోని సీడీ4 కణముల సంఖ్య తగ్గినవారికి మాత్రమే మందు ఇచ్చెడివారు. 2017 నుండి ఆ సంఖ్యతో నిమిత్తము లేకుండ, వ్యాధి సోకినట్లు తేలిన ప్రతివారికిని ఇచ్చుచున్నారు. పూర్వము పిడికెడు మాత్రలు మ్రింగవలసి వచ్చెడిది. నేడు పెద్దవారిలో అధికులకు మూడు మందులు కలిసిన ఒక్క మాత్ర, దినమునకు ఒక్కసారి, సరిపోవుచున్నది.

అనగా ఒక మనిషి జీవితకాలములోనే ఈ వ్యాధి ప్రత్యాఖ్యేయము నుండి యాప్యమునకు మారినది. వైద్యచరిత్రలో ఇట్టి మార్పులు తరచుగా జరుగునవి కావు. ఊతగుంజ ఏదో ఇక వేరుగా చెప్పనక్కరలేదు. ఏ.ఆర్.టి. అని పిలువబడు ఆ మందులే.

కొందరు ఆయుర్వేద సోదరులు ఈ వ్యాధిని ఓజఃక్షయమని నిర్ణయించి, ఓజోవర్ధకములతో నయమగునని వ్రాయుచున్నారు. లక్షణములలో పోలిక ఉన్న మాట నిజమే. బలము తగ్గుట, శరీరము శుష్కించుట, చిన్న కారణమునకే మనస్సు భయపడుట మొదలైనవి రెండింటను కానవచ్చును. కాని పోలిక వేరు, నిర్ణయము వేరు. ఈ వైరస్ రక్తములోని రక్షక కణములలోనే కాపురము పెట్టి, వానినే వాడుకొని తన సంతతిని పెంచుకొనును. ఆ పెంపును ఆపు మూలిక ఏదియు మనిషి శరీరమున ఇంతవరకు రుజువు కాలేదు. ఎయిడ్స్‌ను నివారింతుమనియో నయము చేయుదుమనియో ఏ మందుకును ప్రకటించుకొనరాదని ఔషధ నియమావళిలోని "జె" షెడ్యూలు నిషేధించుచున్నది. ఆ జాబితాలో మొదటి పేరే ఎయిడ్స్. అయినను బస్టాండు గోడల మీది ప్రకటనలు తగ్గలేదు. అవి మా వైద్యమునకు చేసిన అపకారము ఇంతంత కాదు.

ఆ అపకారము ఎట్టిదో ఒక ఉదాహరణ చెప్పెదను. బియ్యపు మిల్లులో గుమాస్తాగా పనిచేయు ఒకాయన, వయస్సు నలుబది దాటినది, ఆరేండ్లు క్రమముగా మాత్రలు వాడి ఆరోగ్యముగా ఉండెను. ఎవరో మూలికలతో పూర్తిగా నయము చేయుదుమని, అయితే ఇంగ్లీషు మందు ఒంట్లో ఉన్నంతకాలము మూలిక పట్టదని చెప్పిరి. ఆయన ఐదు నెలలు మాత్రలు మానివేసెను. అరువది రెండు కిలోల మనిషి నలుబది తొమ్మిదికి దిగెను. సాయంత్రము జ్వరము, విడువని దగ్గు. ఆ స్థితిలో నా వద్దకు వచ్చి, "ఆయన మందు సరిపడలేదేమోనండి, మీరు గురుకులంలో చదివారు కదా, మీ దగ్గర అసలైనది ఉంటుంది, ఇప్పించండి" అని వేడుకొనెను.

"నా దగ్గర ఉన్న అసలైనది ఒకటే బాబూ. రేపు పొద్దున్నే మళ్లీ ఏ.ఆర్.టి. సెంటరుకు వెళ్లు. అక్కడ ఏదీ దాచకుండా చెప్పు" అంటిని.

"తిడతారేమోనండి."

"తిడితే పడు. ఒక పూట మాట పడతావు, అంతేగా."

అచట పరీక్షలలో ఊపిరితిత్తుల క్షయ తేలినది. ఆరు నెలలు క్షయకు మందు వాడెను. క్షయకు ఇచ్చు రిఫాంపిసిన్ మందు వలన డోలుటెగ్రవిర్ బలము తగ్గును గనుక, ఆ కాలమున దానిని రోజునకు రెండు పూటల ఇచ్చిరి. తూకము తిరిగి వచ్చినది. ఇపుడు నా వద్దకు వచ్చినను అజీర్ణమునకో, నిద్రకో వచ్చును. ఆయన బ్రతికెను. అట్లు మానివేసిన వారందరును బ్రతుకరు.

ఇక గుంజ నిలిచియున్నదనుకొందము. దాని క్రింద పాక పాకగా ఉండుటకు ఏమి కావలెను? ఇరువది ఏండ్లుగా ఈ వ్యాధితో ఉండి, పిల్లలను చదివించి, పెండ్లిండ్లు చేసి, మనుమలను ఎత్తుకొన్నవారిని నేను ఎరుగుదును. అదే మాత్రలు వాడుచు దినదినము కుంగిపోవు వారిని కూడ ఎరుగుదును. మందు ఇద్దరికిని ఒకటే. భేదము ఎచట వచ్చినది?

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగిని కూడ చికిత్సలో ఒక పాదముగా లెక్కించుట గమనింపదగినది. అతడు ఊరక మందు పుచ్చుకొనువాడు కాడు, చికిత్స చేయువారిలో ఒకడు. అతనికి ఉండవలసిన గుణములు నాలుగు: స్మృతి, నిర్దేశకారిత్వము, అభీరుత్వము, జ్ఞాపకత్వము. ఈ మాటలు నోటికి వచ్చిన విద్యార్థులు పలువురు ఉందురు. హెచ్.ఐ.వి. రోగులను చూచువరకు వీని లోతు నాకును పూర్తిగా తెలియలేదు.

మొదటిది స్మృతి. జ్ఞాపకముంచుకొనుట. ఈ వ్యాధిలో అదియే సగము వైద్యము. మాత్ర ప్రతిదినము ఒకే వేళకు పడవలెను. మాటిమాటికి మానిన యెడల రక్తములో మందు పలుచబడి, వైరస్ ఆ మందునకు లొంగని రూపము దాల్చును. మన పత్తి రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. చాలీచాలని మోతాదులో మందు కొట్టిన చేలలో శనగపచ్చ పురుగు ఎట్లు మొండికెత్తినదో గుంటూరు, ప్రకాశం జిల్లాలవారు చూచియున్నారు. కావున రోజూ తప్పక చేయు ఒక పనికి మాత్రను ముడిపెట్టవలెను. రాత్రి దీపారాధనకో, వార్తలు వినుటకో, పండ్లు తోముకొనుటకో. ఒకనాడు మరచిన యెడల గుర్తువచ్చినపుడు వేసికొనవలెను గాని, మరునాడు రెండు కలిపి వేసికొనరాదు.

రెండవది నిర్దేశకారిత్వము, అనగా చెప్పినట్లు చేయుట. దీనిని గురించి అధికముగా వ్రాయను. సంవత్సరమునకొకసారి వైరల్ లోడు పరీక్ష, క్షయ నివారణకు ఇచ్చు మాత్రలు, స్త్రీలకు గర్భాశయ ముఖద్వార పరీక్ష, ఏది చెప్పిన అది చేయించుకొనవలెను. ఒంట్లో బాగున్నది గదా అని మానరాదు. బాగుండుటకు కారణము ఆ మందే.

మూడవది అభీరుత్వము. భయము లేకుండుట. నేను ఎక్కువసేపు నిలువదలచినది ఇచటనే.

ఈ వ్యాధిలో భయము రెండు రకములు. ఒకటి చావు భయము. దానికి సమాధానము చెప్పుట నేడు సులభము. సకాలమున మందు మొదలుపెట్టి విడువక వాడువారి ఆయుర్దాయము ఇతరుల ఆయుర్దాయమునకు చేరువగా ఉన్నది. రెండవది లోకులు ఏమందురో అను భయము. ఇది మందులకు లొంగదు. మాత్రల సీసా అద్దెయింటిలో ఎచట దాచవలెను, సెంటరు వద్ద తెలిసినవారు కనబడిన ఏమి చెప్పవలెను, కోడలికి తెలిసిన మనుమని ఎత్తుకొననిచ్చునా? ఇట్టి చింతలతో నిద్ర చెడును, ఆకలి చెడును, తుదకు మాత్ర వేసికొనుటయే చెడును. మాత్రలు మానినవారిని కారణమడిగినపుడు, మందు పడలేదని చెప్పినవారికంటె, చుట్టములు ఇంటికి వచ్చినందున తీయలేకపోతిమని చెప్పినవారే నాకు అధికముగా తగిలిరి.

కుట్టుపని చేసి బ్రతుకు ఒక తల్లి, గోదావరి డెల్టా గ్రామమునకు చెందినది, భర్త పోయిన పిదప తనకును వ్యాధి ఉన్నట్లు తెలిసికొన్నది. రెండేండ్లు ఎవరికిని చెప్పలేదు. ఆ రెండేండ్లు నరకమని ఆమెయే అన్నది. ఒక సంక్రాంతికి అక్క ఇంటికి వచ్చి, చెల్లెలు చిక్కిన తీరు చూచి నిలదీయగా చెప్పివేసినది. అక్క ఒక్క క్షణము మౌనముగా ఉండి, "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావుటే?" అని దగ్గరకు తీసికొన్నదట. ఆనాటి నుండి ప్రతి రాత్రి తొమ్మిది గంటలకు అక్క ఫోను చేయును. మాత్ర మాట ఎత్తదు. "అన్నం తిన్నావా?" అని మాత్రము అడుగును. ఆమెకు అర్థమగును. ఊరందరికి చెప్పవలెనని నేను ఎవరికిని సలహా ఇయ్యను. ఊరు చరకుడు చెప్పిన పరిచారకుడు కాదు. ఒక్కరికి, నమ్మదగిన ఒక్కరికి చెప్పుకొనుట వేరు. పరిచారకునికి చెప్పిన గుణములలో అనురాగము ఒకటి. అట్టివారు ఇంటిలో లేనియెడల, ఈ వ్యాధితో జీవించువారే ఏర్పరచుకొన్న సంఘములు ఉన్నవి. వారి జాతీయ సంఘము 1997లోనే చెన్నైలో మొదలైనది. ఆ దారి నడిచినవారి మాటకు, పుస్తకము చదివిన నావంటివాని మాటకంటె బలము ఎక్కువ.

భయమును తగ్గించు వాస్తవములు కొన్ని ఉన్నవి. కలిసి భుజించుట, ఒకే కంచము, ఒకే బావి నీరు, దగ్గు, దోమకాటు, పసిపిల్లను ముద్దాడుట, వీని వలన హెచ్.ఐ.వి. అంటదు. మాత్రలు క్రమముగా వాడి రక్తములో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అట్లే నిలిచియున్నవారి నుండి దాంపత్యము ద్వారా జీవిత భాగస్వామికి వ్యాధి సోకదు. ఇది ఊరడింపు మాట కాదు. ఐరోపాలో వందలాది జంటలను ఏండ్ల తరబడి పరిశీలించి, 2016లోను, 2019లోను ప్రకటించిన అధ్యయనములలో, ఇట్టి చికిత్సలో ఉన్న భాగస్వామి నుండి ఒక్కరికైనను సోకినట్లు కనబడలేదు. గర్భిణి సకాలమున మందు వాడిన యెడల బిడ్డకు సోకు అవకాశము నూటికి ఐదింటికి లోపునకు తగ్గును. మన శాస్త్రము గృహస్థునకు చెప్పిన బ్రహ్మచర్యము, నియమముతో కూడిన దాంపత్యమే గాని, దాంపత్యమును విడుచుట కాదు. వ్యాధి కలవారు భార్యాభర్తలుగా ఉండరాదని పెద్దలు విధించు శిక్ష శాస్త్రములో లేదు. వైరస్ అట్లు అణగినట్లు పరీక్షలో తేలువరకు నిరోధ్ వాడవలెను. ఇతర సుఖరోగముల నుండి రక్షణకు పిమ్మట కూడ అది మేలు.

చట్టము కూడ అండగా ఉన్నది. 2017లో చేసి, 2018 సెప్టెంబరు 10 నుండి అమలునకు వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము ప్రకారము ఉద్యోగమునందు, బడియందు, అద్దెయింటియందు, ఆసుపత్రియందు ఈ కారణమున వివక్ష చూపరాదు. సమ్మతి లేక పరీక్ష చేయరాదు. రోగి సంగతి అతని అనుమతి లేనిదే బయట పెట్టరాదు. రెండు తెలుగు రాష్ట్రములలోను ఈ వ్యాధి కలవారికి పింఛను కూడ ఉన్నది. సందేహములకు 1097 నంబరు ఉచితము. మనస్సు మరీ కుంగి, బ్రతుకు మీద విరక్తి పుట్టినపుడు 14416 నంబరునకు ఫోను చేసిన మానసిక వైద్య సహాయము తెలుగులోనే దొరకును. కుంగుబాటు ఈ వ్యాధిలో తరచుగా వచ్చు ఉపద్రవము. దానిని పిరికితనమని ఎగతాళి చేయు పెద్దలు మా వైద్యులలో కూడ ఉన్నారు. సత్త్వము తక్కువగా ఉన్నవారిని ఆదుకొనుటకే చరకుడు సత్త్వావజయమను చికిత్సను వేరుగా చెప్పినాడని వారు మరచిరి. కీడు చేయు తలపుల నుండి మనస్సును మరలించుట దాని సారము. ఒంటరిగా కూర్చుండి ఆ పని చేయుట దుస్సాధ్యము. పని, తోడు, నియమము కలిసినపుడు తలపు తనంతట తాను దారి మళ్లును.

నాలుగవది జ్ఞాపకత్వము. ఈ పదమును స్మృతితో పొరబడరాదు. తన బాధను, తాను చేయుచున్న దానిని వైద్యునకు తెలియజేయుట అని దీని అర్థము. ఇది మా ఆయుర్వేద వైద్యులకు, మా వద్దకు వచ్చువారికి ముఖ్యముగా చెప్పవలసిన పాఠము. ఏ.ఆర్.టి. సెంటరులో నాటుమందుల సంగతి చెప్పరు. నాటు వైద్యుని వద్ద ఏ.ఆర్.టి. సంగతి చెప్పరు. నడుమ దెబ్బతినునది రోగియే.

పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు ఆమ్లపిత్తమునకు శంఖ భస్మము వాడుచు, దానిని పరగడుపున ఏ.ఆర్.టి. మాత్రతో కలిపి మ్రింగెడివారు. చాల కాలముగా కనబడని వైరస్ ఒక ఏడు పరీక్షలో మరల కనబడినది. కారణము అదియొక్కటియే అని నేను చెప్పను. కాని శంఖ భస్మము, ప్రవాళ భస్మము, ముత్యపు భస్మములలో ఉండునది కాల్షియము. లోహ భస్మము, మండూరములలో ఉండునది ఇనుము. ఇవి కడుపులో డోలుటెగ్రవిర్‌ను పట్టుకొని రక్తమునకు ఎక్కనీయవు. బజారులో దొరకు కాల్షియము బిళ్లలు, రక్తపుష్టి మాత్రలు, కడుపుమంటకు త్రాగు తెల్లని మందు కూడ ఇంతే. ఇట్టివి అవసరమైన యెడల ఏ.ఆర్.టి. మాత్ర వీనికి కనీసము రెండు గంటలు ముందు గాని, ఆరు గంటలు తరువాత గాని పడవలెను. మాస్టారు వేళలు మార్చుకొనిరి, తరువాతి పరీక్ష బాగుగా వచ్చినది.

ఇట్టివి మరికొన్ని. పాదరసము కలిసిన రసౌషధములు ఈ రోగులు తాకరాదు. టెనోఫోవిర్ అను మందు కొందరి మూత్రపిండములపై భారము మోపును, దానిపై లోహముల బరువు కూడ పెట్టుట అవివేకము. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కూరలో చారులో వేసికొనవచ్చును. త్రికటు చూర్ణముగా నెలల తరబడి వాడిన యెడల ఇతర మందులు రక్తమునకెక్కు పాళ్లను మార్చగలవు. వెల్లుల్లి కూరకు మంచిదే, గుళికల రూపమున అధికముగా వలదు. కోవిడ్ కాలమున తిప్పతీగను ఇష్టము వచ్చినంత త్రాగిన కొందరికి కాలేయము వాచినట్లు వైద్యులు నమోదు చేసిరి. అశ్వగంధ విషయమున కూడ అట్టివి వచ్చినవి. ఈ మూలికలను నేను నిందించుట లేదు, జీవితమంతయు వానితోనే గడిపితిని. అమృతమైనను యుక్తి లేక సేవించిన విషమగునని మాకు చెప్పినది ఈ శాస్త్రమే. రోగనిరోధక శక్తి పెంచునని పేరు పెట్టి అమ్ము ఏ సీసానైనను సెంటరు వైద్యునికి చూపక మూత తీయరాదు.

మరి మా వలన ప్రయోజనము ఏమియు లేదా? ఉన్నది. బలము మూడు విధములని చరకుడు చెప్పెను. పుట్టుకతో వచ్చునది సహజము, వయస్సును ఋతువును బట్టి వచ్చునది కాలజము, ఆహార విహారములతో సంపాదించుకొనునది యుక్తికృతము. ఈ మూడవది వంటింటి చేతిలో ఉన్నది.

ఈ రోగులకు అగ్ని మందగించుట తరచు. మాత్రలు మొదలుపెట్టిన క్రొత్తలో వికారము కూడ కలుగవచ్చును. గుప్పెడు వరి పేలాలను మూడు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించి, వార్చిన తేటలో చిటికెడు సైంధవ లవణము వేసి, గోరువెచ్చగా కొద్దికొద్దిగా త్రాగవలెను. దీనిని లాజమండమందురు. వాంతికి, నోటి అరుచికి ఇంతకంటె తేలికైనది లేదు. ఆకలి పుట్టిన పిదప పెసరకట్టు. పొట్టు పెసలు ఒక వంతునకు నీరు సుమారు పదునాలుగు వంతులు పోసి, బాగుగా ఉడికించి, జీలకర్ర, కరివేపాకుతో ఆవునేతి పోపు పెట్టవలెను. పిదప క్రమముగా మెత్తని అన్నము, పప్పు, ఆకుకూర, మాంసాహారులకు బాగుగా ఉడికిన గ్రుడ్డు, చేప. పచ్చి గ్రుడ్డు, కాచని పాలు, మూత లేని బండ్ల మీది పచ్చళ్లు, కోసియుంచిన పండ్లు వీరికి పనికిరావు.

విరేచనములకు ఉప్పు పంచదార నీరు ముందు, మిగిలినవి తరువాత. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న టీచెంచాతో సమముగా కొలిచి కలుపవలెను. దానికి తోడుగా వెన్న తీసిన పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి. నోటిపూతకు చెంచాడు త్రిఫలా చూర్ణమును రెండు గ్లాసుల నీటిలో సగమగునట్లు కాచి, వడగట్టి, చల్లార్చి రోజునకు మూడు మార్లు పుక్కిలించవలెను. నాలుక మీద తెల్లని పెరుగు వంటి పొరలు ఏర్పడినను, మ్రింగుట కష్టమైనను ఇది చాలదు, సెంటరునకు పోవలెను.

నిద్రకు నేను మొదట చెప్పునది పాదాభ్యంగము. రాత్రి పడుకొనబోవు ముందు నువ్వుల నూనె గోరువెచ్చ చేసి అరికాళ్లకు పావుగంట మర్దించుకొని, గుడ్డతో తుడిచి పరుండవలెను. వేడి గేదెపాలు నిద్ర పట్టించునని చరకుడు చెప్పెను, జీర్ణశక్తి ఉన్నవారు అర గ్లాసు త్రాగవచ్చును. ఈ మర్దన మరియొకరు చేసినచో ఫలము అధికము. అందులో నూనె పాలు ఎంతో, చేతి పాలు ఎంతో నేను విడదీసి చెప్పలేను. ఏండ్ల తరబడి తన్ను ఎవరును ముట్టుకొనలేదని కన్నీరు పెట్టుకొన్నవారిని చూచితిని.

తొలి దినములలో మందు మొదలుపెట్టినవారు నేడు యాబది, అరువది ఏండ్లకు చేరుచున్నారు. ఒకప్పుడు చిక్కిపోవుట వారి బాధ. ఇపుడు బరువు పెరుగుట, మధుమేహము, రక్తపోటు, ఎముకల బలహీనత. కావున పుష్టికని నెయ్యి, లేహ్యములు, చక్కెర పాకములు అందరికిని ఒకే తీరున పెట్టు పాత అలవాటు మానవలెను. చ్యవనప్రాశ కూడ పంచదార మీదనే నిలిచిన లేహ్యమని మరువరాదు. ఉసిరికాయను పచ్చిగానో, ఉడికించి పప్పులోనో తిన్నచో చాలును. ఉదయము అరగంట నడక. పొగాకు, మద్యము పూర్తిగా వలదు. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ వాడువారు ఆ సంగతి సెంటరులో తప్పక చెప్పవలెను, డోలుటెగ్రవిర్‌తో దాని మోతాదు తగ్గింపవలసి వచ్చును.

ఏ పథ్యముతోను, ఏ కషాయముతోను కాలయాపన చేయరాని లక్షణములు కొన్ని ఉన్నవి. దగ్గు, జ్వరము, తూకము తగ్గుట, రాత్రి చెమటలు, వీనిలో ఏ ఒక్కటి కనబడినను రెండు వారములు చూతమనక వెంటనే క్షయ పరీక్ష చేయించుకొనవలెను. తీవ్రమైన తలనొప్పితో మెడ బిగియుట, చూపు మసకబారుట, మాట తడబడుట, కన్నులు పచ్చబడుట, ఆయాసము కలిగిన యెడల అది రాత్రియైనను పెద్ద ఆసుపత్రికి పోవలెను. పోవునపుడు మాత్రల సీసా, ఏ.ఆర్.టి. సెంటరు వారిచ్చిన పుస్తకము, ఇంటిలో వాడుచున్న చూర్ణముల పొట్లములు అన్నియు ఒక సంచిలో వేసికొని పోవలెను.